చేయకండికి చోటు లేదు

ఆ శనివారం పొద్దున్న అతను వేసుకున్న పథకం పెద్దదేమీ కాదు. కాఫీ తాగాలి. కంప్యూటర్లో తన పేజీని ఒకసారి కళ్లారా చూసుకోవాలి. మధ్యాహ్నం భార్య ఇంటర్వ్యూ అయ్యేదాకా ఎవరి జోలికీ పోకుండా ఓ మూల కూర్చోవాలి. వారమంతా అట్టపెట్టెల కంపెనీలో పెట్టెల మీద అచ్చయ్యే బొమ్మల్నీ అక్షరాల్నీ సర్ది సర్ది నడుం పట్టేసిన మనిషి ఇంతకన్నా ఏం కోరుకుంటాడు? అయితే ఊరికే కూర్చునే యోగం ఆ ఇంట్లో ఎవరికీ రాసిపెట్టి లేదు.

సర్దడం అతనికి ఉద్యోగమే కాదు, జబ్బు కూడా. గ్లాసు బల్ల అంచున కనిపిస్తే మధ్యకి జరుపుతాడు. చెప్పుల జత కాస్త వంకరగా ఉంటే వంగి మరీ సరిచేస్తాడు. "మీ ఎదుట నిలబడాలంటే స్కేలు పెట్టుకుని నిలబడాలండీ" అని భార్య విసుక్కుంటుంది. మామగారు మాత్రం పైకి ఏమీ అనరు. ఆయన టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. చూపు పూర్తిగా పోయి చాలాకాలమైంది. ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో ఆయన చేతికి కంఠతా వచ్చు. ఇంటిల్లిపాది బట్టలూ ఉతికి ఇస్త్రీ చేసేది ఆయనే, ఎవరు వద్దన్నా వినరు. అల్లుడు ఇల్లు సర్దినప్పుడల్లా పాపం ఆయన కొత్త ఊళ్లో దిగినట్టు తడుముకోవాల్సి వస్తుంది.

ఆ పొద్దున్న కూడా అల్లుడు వంటింట్లోంచి కాఫీతో వస్తూ రెండు పనులు చేశాడు. తలుపు వెనక మేకుకి వేలాడుతున్న భార్య నీలం కోటు ముడతలు పడుతుందేమోనని తీసి, భోజనాల బల్ల దగ్గర కుర్చీకి చక్కగా తొడిగాడు. బల్ల అంచున ఉన్న మామగారి టీ కప్పుని మధ్యకి జరిపాడు. ఇప్పుడు గది చూడముచ్చటగా ఉందనుకుని తన గదిలోకి వెళ్లిపోయాడు.

ఆ కోటు సంగతి ముందే చెప్పాలి. భార్య బస్సుల కంపెనీలో విచారణ కౌంటరు దగ్గర రాత్రి డ్యూటీ చేస్తుంది. రాని బస్సు ఎప్పుడొస్తుందని అడిగేవాళ్లకి రాత్రంతా నిలబడి జవాబు చెప్పడం ఆవిడ పని. ప్రయాణికుల సమాచారం పేజీలు చూసుకునే పగటి ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. దానికే మధ్యాహ్నం ఇంటర్వ్యూ, అదీ ఇంట్లోంచే, కంప్యూటర్లో. కంపెనీ ఇచ్చిన నీలం కోటు వేసుకుని కూర్చోవాలని గట్టిగా చెప్పారు. ఆ ఉద్యోగం వస్తే మొగుడూ పెళ్లాం ఒకే వేళకి నిద్రపోవచ్చు. వాళ్లిద్దరూ కోరుకున్న వాటిలో ఇంతకన్నా చిన్న కోరిక లేదు, ఇన్నాళ్లూ అది కూడా అందలేదు. డ్యూటీ దిగి వచ్చిన ఆవిడ, "కాసేపు నడుం వాలుస్తాను, నన్ను లేపకండి" అని పడగ్గది తలుపు దగ్గరగా వేసుకుంది.

ఇక పేజీ. ఎవరైనా రాయొచ్చు, ఎవరు రాసింది ఎవరైనా దిద్దొచ్చు అనే ఇంటర్నెట్ విజ్ఞాన సర్వస్వం ఒకటుంది కదా, అందులో 'బట్టల మీద మరకలు' అనే పేజీని అతను కన్నబిడ్డలా సాకుతున్నాడు. అక్కడ అతని పేరు సమకోణం. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. చెబితే, "సొంత చొక్కా మీద మరక పోగొట్టుకోలేరు గానీ" అంటారని భయం. పేజీలో ఎడమవైపు మరక బొమ్మ, కుడివైపు దానికి చేసే వైద్యం. చేయాల్సినవి ఆకుపచ్చ అక్షరాల్లో, పొరపాటున కూడా చేయకూడనివి ఎర్ర అక్షరాల్లో. ఒక్క అక్షరం అటూ ఇటూ కాకుండా అన్నీ ఒకే వరసలో ఒదిగాయి. ఆ పేజీని రేపు సర్వస్వం ముఖపేజీకి ఎక్కించే ఆలోచనలో ఉన్నారని తెలిసి అతనికి రెండు రోజులుగా అన్నం సయించడం లేదు.

పేజీ తెరిచాడు. గుండుసూది అనే ఎవరో రాత్రికి రాత్రి వచ్చి, ప్రతి ఆకుపచ్చ మాట ముందూ 'చేయండి' అనీ, ప్రతి ఎర్ర మాట ముందూ 'చేయకండి' అనీ చేర్చి పోయారు. దాంతో కుడివైపు వరస ఉబ్బిపోయింది, ఎడమవైపు బొమ్మలన్నీ జారి కిందికి పడ్డాయి. టీ మరక బొమ్మ వెళ్లి సిరా మరక వైద్యం పక్కన కూర్చుంది.

"ఓరి నీ దుంపతెగ" అనుకుంటూ అతను ఆ మాటలన్నీ ఏరిపారేశాడు. మార్పు చేసినప్పుడు కారణం రాయాలి కాబట్టి, "వరస చెడింది, సరిచేశాను" అని రాశాడు. పడగ్గదిలో భార్య ఫోను టింగుమంది. ఫోను పక్కలో పెట్టుకుని అదేం నిద్రో అనుకున్నాడు.

కాఫీ గుక్క మింగేలోగా ఆ మాటలు మళ్లీ వచ్చి కూర్చున్నాయి. పక్కన గుండుసూది కారణం: "చూడలేనివాళ్లకి ఫోను ఈ పేజీని చదివి వినిపిస్తుంది. అది మాటలు చెబుతుంది గానీ రంగులు చెప్పదు. కాబట్టి ఈ మాటలు ఉండాలి."

అతనికి ఒళ్లు మండింది. మళ్లీ తీసేసి, "మరకల పేజీని చూస్తారు గానీ, పనిగట్టుకుని ఎవరైనా కూర్చుని వింటారా?" అని రాశాడు. పడగ్గదిలో మళ్లీ టింగు.

జవాబు ఒక్క మాటే వచ్చింది. "వింటారు."

ఆ మాటతోపాటు చేయండులూ చేయకండులూ దండులా దిగాయి. అతను పట్టుదలగా మళ్లీ తుడిచేశాడు. అప్పుడు ఆ పేజీల బాగోగులు చూసే పెద్దమనిషి ఒకాయన విసిగిపోయి మధ్యలోకి వచ్చాడు. పేజీకి తాళం వేసి, "ఇక ఎవరూ ముట్టుకోవద్దు. ముందు మీరిద్దరూ చర్చాపేజీలో ఓ మాటకి రండి, అప్పుడు తీస్తాను" అని రాసి పోయాడు. తాళం పడే సమయానికి పేజీ అతని చేతిలోనే ఉంది. అంటే ముఖపేజీ ఎక్కేది అతని వరసే. కాలు మీద కాలు వేసుకుని, చల్లారిన కాఫీని వేడి కాఫీలా ఆస్వాదిస్తూ తాగాడు. రచ్చ గెలిచాడు సరే, ఇంట గెలవాల్సింది ఇంకా ఉందని ఆ క్షణాన ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

ముందు వాసన వచ్చింది. ఈతకొలను పక్కన నిలబడితే వచ్చే వాసన. ఆ వెంటనే పెరటివైపు నుంచి మామగారి గొంతు.

"అల్లుడుగారూ, ఒక్కసారి ఇలా వచ్చి, మరక పోయిందో లేదో చూసి చెబుతారా?"

అతను వెళ్లాడు. మామగారు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, చేతిలో వేడి ఇస్త్రీపెట్టెతో నిలబడి ఉన్నారు. ఆయన ముందు బల్ల మీద నీలం కోటు ఉంది.

"ఏ మరక మామయ్యగారూ?"

"టీ మరకండీ. కప్పు ఉండాల్సిన చోట లేదు, కోటు ఉండకూడని చోట ఉంది. తడుముకుంటుంటే నా చెయ్యే తగిలి కోటు మీద ఒలికింది. అమ్మాయి లేచేలోగా తీసేద్దామని మొదలుపెట్టాను. పోయిందా?"

మరక పోయింది. దాంతోపాటు నీలం కూడా పోయింది. ఎడమ భుజం మీద అరచేయంత మేర కోటు ఉడికిన గుమ్మడికాయ రంగుకి తిరిగింది. ఆ రంగు మధ్యలో ఇస్త్రీపెట్టె ముక్కు అచ్చు గోధుమరంగులో దిగింది.

"మరక పోయింది మామయ్యగారూ" అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు.

"మరి మీ గొంతేంటి, లైను తెగిపోయేటప్పటిలా ఉంది? గొంతులు వింటూ బతికినవాణ్ణి, నా దగ్గర దాచకండి."

"అసలు మీరేం చేశారు మామయ్యగారూ?"

"పేజీలో ఉన్నదే చేశాను. కావాలంటే వినండి" అని ఆయన ఇయర్‌ఫోన్లు ఊడదీసి ఫోను నొక్కారు. యంత్రం గొంతు నింపాదిగా చదివింది. "టీ మరక. చల్లటి నీళ్లతో తడపడం. సబ్బు నురగతో మెల్లగా రుద్దడం. బ్లీచింగ్ నీళ్లు పోయడం. వేడి ఇస్త్రీపెట్టెతో అదమడం."

"నాలుగూ వరసగా చేశాను, ఒక్కటీ వదల్లేదు" అన్నారు మామగారు. "మొన్నటిదాకా ఈ పేజీలో ఏది మంచో ఏది చెడో తెలిసేది కాదు. రాత్రి అమ్మాయి డ్యూటీకి వెళ్తూ, 'ఆ పేజీ బాగుపడింది నాన్నా, వద్దన్నవాటి ముందు ఇప్పుడు చేయకండి అని వినిపిస్తుంది, ఆ మాట వినపడలేదంటే నిశ్చింతగా చేసెయ్' అంది. అందుకే చెవులు రిక్కించి విన్నాను. చేయకండి అని ఎక్కడా రాలేదు."

అతనికి అప్పుడు తట్టింది. ఆ మాట రాకుండా చేసినవాడు తనే. కాఫీ తాగుతూ, బొమ్మ జారిందని, ఏరి పారేశాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మన అలవాటు కదా, అతనూ పట్టుకున్నాడు. అట్టపెట్టెల మీద గుర్తులు వేసే లావుపాటి నీలం మార్కరు తెచ్చి గుమ్మడి మచ్చ మీద రుద్దాడు. బ్లీచింగ్ తడిమీద ఆ సిరా ఒక్క క్షణం నీలంగా నిలిచి, ఆ తర్వాత వంకాయ రంగుకి మారి, కాలర్ దాకా పాకింది. గోరుచుట్టు మీద రోకటిపోటు.

"ఇప్పుడు స్పిరిటు వాసన వస్తోందేంటండీ?" అన్నారు మామగారు.

"ఏం లేదు మామయ్యగారూ, ఆరబెడుతున్నాను."

అప్పుడు అతనికి ఒక పాడు ఆలోచన వచ్చింది. భార్య లేచి అడుగుతుంది. మామగారు పేజీ వినిపిస్తారు. ఈలోగా ఆ మాటల్ని మళ్లీ పేజీలో పెట్టేస్తే, పేజీ సరిగ్గానే ఉన్నట్టు, పెద్దాయనే సరిగ్గా వినలేదన్నట్టు తేలిపోతుంది. ఛీ, అనుకున్నాడు. చూపులేని మనిషి మీదికి నెట్టేద్దామనుకున్నందుకు నిజంగానే సిగ్గేసింది. సిగ్గుపడుతూనే లేచి కంప్యూటర్ దగ్గరికి వెళ్లాడు.

పేజీకి తాళం. తను గెలిచిన తాళమే. అది ఊడాలంటే గుండుసూది ఒప్పుకోవాలి. చర్చాపేజీ తెరిచి, ఇందాక ఈకలా తీసిపారేసిన మనిషికి వినయంగా రాశాడు. "గుండుసూదిగారికి నమస్కారం. మీరన్నదే నిజం. చేయండి, చేయకండి అన్న మాటలు ఉండాల్సిందే. మీరు సరేనంటే తాళం తీస్తారు. దయచేసి త్వరగా చెప్పండి."

పడగ్గదిలో టింగు. కాసేపటికి జవాబు వచ్చింది. "ఇంతలోనే ఇంత జ్ఞానోదయం ఎలా అయింది?"

అబద్ధం ఒకటి అల్లుదామని అతను వేళ్లు కదిపాడు. కానీ ఓపిక లేదు. అబద్ధానికి ఓపిక కావాలి, నిజం పడుకుని కూడా చెప్పొచ్చు. పైగా ముక్కూ మొహం తెలియని మనిషి ముందు దాచడానికి ఏముంటుంది? రాసేశాడు. "మా ఇంట్లో పెద్దాయన ఒకరు ఆ పేజీ విని నీలం కోటు మీద బ్లీచింగ్ పోసి ఇస్త్రీ చేశారు. ఆయన తప్పేమీ లేదు. ఆ మాటల్ని పొద్దున్న తీసేసింది నేను. కోటు ఉండాల్సిన చోటునుంచి తీసిందీ నేనే. ఎవరైనా వింటారా అని మిమ్మల్ని వెక్కిరించాను. క్షమించండి."

టింగు. చివరికి తెర మీద రెండు మాటలు పడ్డాయి. "ఏ కోటు?"

ఏ కోటైతే ఈయనకెందుకు, అనుకుంటూ అతను టైపు చేయబోతున్నాడు. పడగ్గది తలుపు తెరుచుకుంది. భార్య జుట్టు చెదిరి, చేతిలో ఫోనుతో గుమ్మంలో నిలబడింది.

"ఏ కోటండీ?" అంది.

అతను ఆవిడ ఫోను వంక చూశాడు. ఆవిడ అతని కంప్యూటరు వంక చూసింది.

"గుండుసూది... నువ్వా?"

"సమకోణం మీరా? అనుకోవాల్సింది. చెప్పుల్ని కూడా కొలిచి పెట్టే మనిషి లోకంలో ఇంకెవరుంటారు?" అంది ఆవిడ. "ఎవరైనా కూర్చుని వింటారా అని అడిగారుగా. వెళ్లి మా నాన్నని అడగండి."

"ఎవరమ్మా, ఏం అడగాలి?" అన్నారు మామగారు పెరట్లోంచి.

ఆవిడ వెళ్లి కోటు చూసింది. అరుస్తుందని అతను చెవులు మూసుకోబోయాడు. ఆవిడ అరవలేదు. పక్కనున్న పీట మీద కూలబడి, గుమ్మడి రంగునీ వంకాయ రంగునీ అలా చూస్తూ ఉండిపోయింది. "రాత్రంతా నిలబడి వచ్చానండీ, తిట్టడానికి కూడా ఓపిక లేదు" అంది. తిట్టినా బాగుండేదని అతనికి అనిపించింది.

"నావల్లేనమ్మా" అన్నారు మామగారు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక.

"కాదు మామయ్యగారూ, నావల్ల" అన్నాడు అతను. ఆ మాట ఇంట్లో వాళ్ల ముందు పైకి అనడం చర్చాపేజీలో రాసినంత తేలిక కాలేదు. "మీరు విన్నది సరిగ్గానే విన్నారు. పేజీలో ఆ మాటల్ని తీసేసింది నేనే. కప్పుని జరిపిందీ నేనే."

మామగారు తలాడించారు. "కప్పు సంగతి నాకు ముందే తెలుసులెండి" అన్నారు.

వేరే కోటు లేదు, వేళ లేదు. అప్పుడు అతనిలోని సర్దేవాడు నిద్రలేచాడు. "కెమెరాకి కనిపించేది గది కాదు, ఒక చట్రం మాత్రమే. ఆ చట్రంలో ఏది ఎక్కడ ఉండాలో నాకు వదిలెయ్యి" అన్నాడు. కంప్యూటర్ కింద పుస్తకాలు పేర్చాడు. కర్టెను పక్కకి లాగాడు. భార్యని కుర్చీలో కుడివైపుకి జరిపి, ఎడమ భుజం ముందు పూలకుండీ పెట్టాడు. కుండీ ఎత్తు చాల్లేదు. దాన్ని పెట్టడానికి సరిపడా ఎత్తున్న బల్ల ఇంట్లో లేదు. చివరికి అతనే కెమెరాకి కనపడకుండా నేల మీద మోకాళ్లపై కూర్చుని, కుండీని రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాడు. ఆకులు మచ్చని చక్కగా కప్పేశాయి.

"చూడ్డానికి బాగుంది" అన్నాడు కింద నుంచి.

"మీరు నోరు మూసుకోండి" అంది భార్య, కెమెరా వైపు నవ్వుతూ.

ఇంటర్వ్యూ మొదలైంది. అవతల నుంచి ఒక పెద్దాయన గొంతు వినిపించింది. "నమస్తే మేడమ్. మా వైపు ఏదో తేడా చేసింది, మీ బొమ్మ మాకు రావడం లేదు. గొంతు మాత్రం ఖంగుమంటోంది. మాటలతోనే కానిద్దామా? బొమ్మ మధ్యలో ఎప్పుడైనా రావచ్చు."

అంటే కుండీ దించడానికి లేదు. ఎవరికీ కనిపించని అందాన్ని అతను రెక్కలు విరిగేలా మోస్తూ కూర్చున్నాడు. మట్టి కొంచెం కొంచెంగా రాలి నెత్తిమీద పడుతోంది.

"మేడమ్, మన పేజీల్లో నడిచే బస్సుల్ని ఆకుపచ్చలోనూ, రద్దయిన వాటిని ఎర్రరంగులోనూ చూపిస్తున్నాం" అన్నాడు పెద్దాయన. "చూసినవాళ్లందరూ భలే ఉందంటున్నారు. మీరేమంటారు?"

ఆవిడ కళ్లు మెల్లగా కిందికి, కుండీ వైపుకి తిరిగాయి. "మా ఇంట్లో ఒకాయన ఉన్నారండీ" అని మొదలుపెట్టింది.

అంతే. కప్పు దగ్గర్నుంచి గుమ్మడి రంగు దాకా, వంకాయ రంగుతో సహా, పూసగుచ్చినట్టు చెప్పింది. పైన పటారం లోన లొటారం అంటే ఏమిటో ఉదాహరణతో వివరించింది. అతను నోరెత్తడానికి లేదు, చెవులు మూసుకుందామంటే చేతులు ఖాళీ లేవు. "రద్దయిన బస్సు పక్కన 'రద్దు' అని రాయాలండీ. ఆ మాటకి చోటు లేదంటే బొమ్మ చిన్నది చేసుకోవాలి గానీ, మాట తీసేయకూడదు. రంగు కనపడని మనిషి రాని బస్సు కోసం రాత్రంతా నిలబడతాడు. అలా నిలబడేవాళ్లకి జవాబు చెప్పేది నేనే కాబట్టి నాకు తెలుసు" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ గొంతులో రాత్రి డ్యూటీల అలసటంతా వినిపించింది.

"మరి ఆ కోటు ఇప్పుడెక్కడుంది మేడమ్?"

"వేసుకునే ఉన్నానండీ."

అవతల ఇంటర్వ్యూ చేసేవాళ్లంతా పగలబడి నవ్వారు. గండం గడిచిందనుకున్న అతను హమ్మయ్య అని కుండీ దించాడు. సరిగ్గా అప్పుడే బొమ్మ వచ్చింది. మచ్చల కోటులో ఒకావిడ, ఆవిడ పక్కన మోకాళ్ల మీద, నెత్తినిండా మట్టితో, కుండీని కావలించుకున్న ఒక మగమనిషి.

"ఆయనేనా?" అన్నాడు పెద్దాయన.

"ఆయనేనండీ" అంది భార్య.

ఉద్యోగం ఆవిడదేనని సాయంత్రం ఫోను వచ్చింది. మామగారు ఫోనులో గొంతు వినగానే, అవతలివాళ్లు చెప్పకముందే, "వచ్చిందమ్మా" అనేశారు. ఆవిడ తండ్రి చెయ్యి పట్టుకుని కాసేపు ఏడ్చి, ఆ తర్వాత వెళ్లి నిద్రపోయింది. చీకటి పడకుండా పడుకోవద్దని ఎవరూ అనలేదు.

పేజీ తాళం తీశారు. అతను స్వయంగా కూర్చుని చేయండులూ చేయకండులూ తిరిగి పెట్టాడు. వరస ఉబ్బింది, బొమ్మలు జారాయి. ఒక్కొక్క బొమ్మనీ చిన్నది చేస్తుంటే సొంత వేలు కోసుకున్నట్టు ఉంది. మామగారు పక్కన కూర్చుని మొదటినుంచి చివరిదాకా విని, "ఇప్పుడు అందంగా ఉందండీ" అన్నారు. భార్య నిద్ర లేచాక కోటు ఫోటో తీసి, టీ మరక దగ్గర 'చేయకండి: బ్లీచింగ్' అన్న మాట పక్కన పెట్టింది. ఫోటోలో ఉన్నది ఎలా రాస్తే చూడలేనివాళ్లకి అర్థమవుతుందో వాళ్ల నాన్న చెబుతుంటే తనే టైపు చేసింది.

మర్నాడు పేజీ ముఖపేజీకి ఎక్కింది. అందులో ఆ ఫోటో చాలా బాగుందని ఎంతోమంది మెచ్చుకున్నారు. దాన్ని ఎక్కడ పెట్టాలన్న సంగతి మాత్రం అతన్ని ఎవరూ అడగలేదు.